ఊరి కరెంటు, ఎలక్ట్రిక్ బండి, పైన సోలార్: ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ దెబ్బ తింటుంది

రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ ఇప్పుడు వింతేం కాదు. కూరగాయల ట్రాలీ ఆటోలూ మొదలయ్యాయి. దాంతోపాటు "ఇంటి మీద సోలార్ వేసుకుంటే బండి ఫ్రీ" అనే మాట కూడా ఊరంతా తిరుగుతోంది. కొందరికి అది నిజమే, అందరికీ కాదు. ఎవరికి గిట్టుతుందో ముందు చూద్దాం.

స్కూటర్ కిలోమీటరుకు 30 నుంచి 35 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్) తాగుతుంది. చార్జర్‌లో పోయేది కూడా కలుపుకుంటే రోజుకు 40 కిలోమీటర్లకు ఒకటిన్నర యూనిట్, నెలకు 45–50 యూనిట్లు. చిన్న కారు ప్లగ్ దగ్గర లెక్కేస్తే యూనిట్‌కు 7 కిలోమీటర్లు వస్తుంది. రోజుకు 50 తిరిగితే నెలకు 210 యూనిట్ల పైనే. ట్రాలీ ఆటోకు రోజుకు 10–12 యూనిట్లు పట్టుకోండి. మన వైపు ఒక కిలోవాట్ ప్యానెల్స్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. అంటే స్కూటర్‌కు అర కిలోవాట్ చాలు, కారుకు రెండు, ఆటోకు మూడు కిలోవాట్లు కావాలి.

మీ ఇంటికి గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు లేని తెలంగాణ పథకం) జీరో బిల్లు వస్తుంటే, ఉన్నది ఒక్క స్కూటరే అయితే, దాని కోసం సోలార్ పెట్టకండి. ఇంటి వాడకం 140 యూనిట్లు, స్కూటర్‌ది 48 అనుకుంటే మొత్తం 188. ఇంకా 200 లోపలే ఉన్నారు, బిల్లు రాదు. జాగ్రత్త ఎండాకాలంలో కావాలి. కూలర్ తిరగడం మొదలై 230 యూనిట్లకు చేరితే, దాటిన 30కే కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, పై 30కి 7.70 చొప్పున 231, వాటి మీద ఫిక్స్‌డ్ చార్జీలు. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి మీటర్ రీడింగ్ రాసిపెట్టుకుంటే ఈ దెబ్బ తప్పుతుంది.

కారు, ఆటో ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మూడు కిలోవాట్లు దాటినా అంతకు మించి రాదు. ప్యానెల్స్ మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే అయి ఉండాలి. కొటేషన్‌లో 'డీసీఆర్' అని రాయించుకోండి. తక్కువ ధర చెప్పేవాళ్లలో కొందరు అక్కడే మాయ చేస్తారు, తర్వాత సబ్సిడీ ఆగిపోతుంది. పాత ఊరి ఇళ్లలో మంజూరైన లోడు (ఒకేసారి వాడుకోవడానికి కరెంటు ఆఫీసు ఒప్పుకున్నంత) ఒక కిలోవాటే ఉంటుంది. కారు చార్జరే 3.3 కిలోవాట్లు లాగుతుంది కాబట్టి సోలార్ దరఖాస్తుతోపాటే లోడు పెంచమని అడగండి. బండి విషయానికొస్తే, తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది.

సోలార్‌కు బాగా కలిసొచ్చే బండి ఏదంటే కూరగాయల ఆటో. తెల్లవారుజామున మెహదీపట్నం రైతుబజారుకో గుడిమల్కాపూర్ మార్కెట్‌కో పోయి పది, పదకొండింటికి ఊరు చేరుతుంది. ఎండ బలంగా ఉండే నాలుగైదు గంటలూ ఇంటి ముందే ఉంటుంది. పాల బండ్లూ అంతే. చేవెళ్ల నుంచి మెహదీపట్నం రానూపోనూ 80 కిలోమీటర్లవుతుంది. పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ కాబట్టి నడుస్తుంది గానీ, బ్రోచర్‌లో 100 అని రాసిన బండితో ఆ పని పెట్టుకోకండి. వచ్చీ రాగానే ప్లగ్ పెట్టొద్దు. అరగంట నీడలో బ్యాటరీని చల్లారనివ్వండి. పగలు ఆఫీసుకు పోయి రాత్రి వచ్చే కారుకు నెట్ మీటర్ లెక్కే ఆధారం: పగలు లైన్‌కు ఇచ్చింది, రాత్రి తీసుకుంది బిల్లులో సరిచేస్తారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. నెట్ మీటర్‌తో పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంటికీ లైన్‌కూ పంపే డబ్బా), కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నెత్తి మీద ఎంత ఎండ ఉన్నా సరే. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు కింది నుంచి కరెంటు తగలకూడదని ఆ ఏర్పాటు. పగలు కరెంటు ఎక్కువగా పోయే ఊరైతే కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్‌తో సర్దుకుందామంటే కుదరదు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం. దానితో స్కూటర్ పాతిక కిలోమీటర్లు కూడా దాటడం కష్టం. పైగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చార్జర్ వేడెక్కుతుంది, లేదా అసలు పని చేయదు.

ఇక వైరింగ్. ఊళ్లో చార్జర్లు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఇంటి బోర్డు నుంచి షెడ్డు దాకా 30 మీటర్లు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగారనుకోండి. కారు చార్జర్ 14 ఆంపియర్లు తీసుకుంటుంటే దారిలోనే 10 వోల్టులు పడిపోతాయి, దాదాపు 140 వాట్లు ఆ వైరులో వేడిగా మారతాయి. గంటల తరబడి. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే నష్టం 4 వోల్టుల లోపే. మధ్యలో జాయింటు ఉండకూడదు. మామూలు 15 ఆంపియర్ సాకెట్ రోజూ ఇంత లోడు మోస్తే నెలల్లోనే లోపలి రేకులు వదులై ప్లగ్ పిన్ను నల్లబడుతుంది. నీలం రంగు 16 ఆంపియర్ ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. దాని వెనక విడిగా 20 ఆంపియర్ సీ-కర్వ్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ టైప్-ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉండాలి. షాపులో అడగకపోతే ఇచ్చేది టైప్-ఏసీ. చార్జర్ నుంచి లీకయ్యే డీసీ కలిసినప్పుడు అది పడాల్సిన టైముకు పడకపోవచ్చు.

ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కారు చార్జర్లు ఎర్రలైటు వేసి ఆగిపోతాయి. లోడు నడుస్తుండగా మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. మూడు నాలుగు వోల్టులు దాటితే ఎర్త్ బలహీనంగా ఉందనో, న్యూట్రల్ వదులుగా ఉందనో అర్థం. మన దగ్గర మొరం కిందనే రాయి తగులుతుంది, మూడు మీటర్ల గుంత తవ్వడానికి కూలీలు ఒప్పుకోరు, అడుగున్నరలో రాడ్ వంచి పూడ్చేస్తారు. దగ్గరుండి చూసుకోండి. సోలార్ పెట్టినప్పుడు ప్యానెల్ స్ట్రక్చర్‌కు ఒకటి, ఇన్వర్టర్‌కు ఒకటి, పిడుగు రాడ్‌కు ఒకటి, మూడు వేర్వేరు గుంతలు తీయాలి. ఎండాకాలం నేల ఎండిపోతుంది కాబట్టి గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

కొందరు ఎలక్ట్రీషియన్లు ఎర్రలైటు పోగొట్టడానికి సాకెట్ లోపల న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. చార్జర్ పని చేస్తుంది, ఇంటాయన సంతోషిస్తాడు. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు బండి బాడీ మొత్తం 230 వోల్టులే. అలాంటి పని చేసేవాళ్లను మళ్లీ పిలవకండి.

ఊళ్లో న్యూట్రల్ తెగడం అరుదు కాదు, గాలివానకు తెగుతుంది. అప్పుడు ఒక ఇంట్లో లైట్లు మసగ్గా, పక్కింట్లో టీవీలు కాలేలా వోల్టేజీ వస్తుంది. మీటర్ తర్వాత ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ ఒకటి బిగించండి. చార్జర్ మార్పించే ఖర్చు ముందు దాని ధర లెక్కలోకే రాదు.

బోరు మోటరు స్టార్టర్ డబ్బా నుంచి బండికి కరెంటు తీయడం గురించి కూడా చెప్పాలి. వ్యవసాయ కరెంటు ఫ్రీ కదా అని కొందరు చేస్తున్నారు. చాలా స్టార్టర్ల దగ్గర మూడు ఫేజులే ఉంటాయి, న్యూట్రల్ ఉండదు. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు, చార్జర్ ఒక్క క్షణంలో పోతుంది. నేలలో పాతిన రాడ్‌ను న్యూట్రల్‌గా వాడితే దాని చుట్టూ తడి నేలలో షాక్ తగులుతుంది, పశువులకు ఇంకా ప్రమాదం. చట్టపరంగానూ ఇది విద్యుత్ చట్టం 2003లోని 126 సెక్షన్ కిందకు వస్తుంది, టారిఫ్‌కు రెట్టింపు కట్టిస్తారు.

సోలార్ పెట్టాక వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి, మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగి ఆగి నడవడం. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరున్న ఇళ్లలో, లైన్ మీద లోడు తక్కువున్నప్పుడు వోల్టేజీ ముందే 245 ఉంటుంది. ఇన్వర్టర్ తోసే కరెంటుతో అది ఇంకా పెరిగి, పరిమితి దాటగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా వైరు లావు చేయడం మొదటి మందు. తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ కాస్త తగ్గించే సెట్టింగు) మార్చమని కరెంటు సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. ఆ టైములో బండి చార్జింగ్‌కు పెట్టినా వోల్టేజీ కొంత దిగుతుంది.

ప్యానెల్స్‌ను దక్షిణానికి 15 నుంచి 17 డిగ్రీల వాలుతో పెట్టాలి. మే నెల ఎండకు సెల్ వేడి 65 డిగ్రీలు చేరితే ఉత్పత్తి 14 శాతం దాకా పడిపోతుంది, అందుకే రేకుల మీద అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా బిగించాలి. కడగడం పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు. ఉప్పు బోరు నీళ్లు అలాగే ఆరిపోతే తెల్లటి మరక పట్టేస్తుంది, వైపర్‌తో లాగేయండి. వేలాడే డీసీ వైర్లను కోతులు లాగేస్తాయి, కాబట్టి వైరంతా పైపులోనే పోవాలి. ఇక కోతుల్ని తరమడానికి పిల్లలు విసిరే రాళ్ల గురించి ఇంట్లో ముందే ఒక మాట చెప్పిపెట్టండి, వారంటీలో అది రాదు.