వేల్స్ గొర్రెల కొండల్లో చెర్నోబిల్ జాడ

మాంచెస్టరులో అమ్మాయి దగ్గర ఉన్న వేసవిలో ఉత్తర వేల్స్ చూసి వద్దామని అల్లుడు అన్నప్పుడు, నేను అందరూ ఎక్కే స్నోడన్ శిఖరాన్ని కాక దానికి దక్షిణాన ఉన్న గొర్రెల కొండలను కోరుకున్నాను. "అక్కడ చూడడానికి ఏముంది మామయ్యగారూ, గొర్రెలూ వానా తప్ప?" అన్నాడతను. నేను వెళ్దామనుకున్నదీ ఆ రెండింటి కోసమే. కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పిన రోజుల్లో ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణుప్రమాదం గురించి ఏటా ఒక పాఠం ఉండేది. ప్రమాద స్థలానికి రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఈ కొండల్లో 26 ఏళ్లపాటు గొర్రెల్లో రేడియోధార్మికతను కొలిచారన్న సంగతి మాత్రం అందులో ఒక్క వాక్యానికి మించి ఉండేది కాదు.

సముద్రతీరం వెంట కాన్వీ దాకా వెళ్లి, అక్కడినుంచి లోయలోకి మళ్లి, బెతుస్ అ కోయిద్ దాటి కనుమ ఎక్కితే అవతల బ్లైనై ఫెస్టినియోగ్ వస్తుంది. ఊరి చుట్టూ గనుల్లోంచి తీసి పారబోసిన పలకరాళ్ల గుట్టలే. ఇంకాస్త దక్షిణానికి పోతే ట్రౌస్‌వనిద్ చెరువు, ఆ చెరువుగట్టున రెండు బ్రహ్మాండమైన కాంక్రీటు భవనాలు. అది 1965 నుంచి 1991 వరకు పనిచేసిన అణువిద్యుత్ కేంద్రం. జాతీయ ఉద్యానవనం నడుమ అలాంటి కట్టడం ఉండడం నాకు వింతగా తోచింది గాని, మేము కలవబోతున్న రైతు జీవితాన్ని కుదిపింది ఆ కేంద్రం కాదు.

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్‌లో నాలుగో రియాక్టరు పేలింది. సోవియట్ ప్రభుత్వం నోరు విప్పకముందే, 28వ తేదీ ఉదయం స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణుకేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లు తనిఖీ యంత్రం మీద గంట మోగించడంతో బయటి ప్రపంచానికి విషయం పొక్కింది. పేలుడు ఎగజిమ్మిన రేడియోధార్మిక ధూళి మేఘం మే నెల మొదట్లో బ్రిటన్ మీదికి వచ్చింది. సరిగ్గా ఆ సమయానికే ఉత్తర వేల్స్, ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న కంబ్రియా, స్కాట్లాండ్ నైరుతి కొండల మీద జోరువాన పడింది. మేఘం పైనుంచే సాగినా వాన పడని చోట్ల నేలకు చేరింది స్వల్పం. వాన పడిన చోట అందులోని రేడియోధార్మిక సీజియం నేలకు దిగిపోయింది. ఏ ప్రాంతానికి ఎంత వాటా అన్నది దూరాన్ని బట్టి కాదు, ఆ రెండు మూడు రోజుల వానను బట్టి తేలింది.

అల్లుడి సహోద్యోగి ఒకరు పరిచయం చేసిన రైతు తన దొడ్డి దగ్గర మాకోసం ఎదురుచూస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మాటలకన్నా చేసి చూపించడమే నయమనుకున్నాడేమో, ఒక గొర్రెను మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, దాని వెనుక తొడ మీద అరచేయి ఆనించి, రేడియోధార్మికతను కొలిచే పెట్టె ఇక్కడ పెట్టేవారని చెప్పాడు. ఆ పెట్టెలో ఉండేది సోడియం అయొడైడ్ స్ఫటికం. సీజియం 137 క్షయించేటప్పుడు వెలువడే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల గామా కిరణం తగిలితే అందులో సన్నని మెరుపు పుడుతుంది. ఆ మెరుపుల లెక్కనుంచి కిలో మాంసంలో ఎన్ని బెక్వెరెల్‌లు, అంటే సెకనుకు ఎన్ని పరమాణువులు క్షయిస్తున్నాయో అంచనా కడతారు. వెయ్యి దాటితే ఆ జీవాన్ని కోయడానికి వీల్లేదు. పెనుగులాడే జంతువును, అదీ ఉన్ని తడిసి ముద్దైనదాన్ని, వానలో నిలబడి కొన్ని సెకన్ల చొప్పున కొలవడం ప్రయోగశాలలో కొలతలాంటిది కాదు. అందుకే బతికున్న గొర్రె విషయంలో వెయ్యికన్నా బాగా తక్కువ దగ్గరే గీత గీసుకునేవారు. గీత దాటినదానికి రంగు పూసేవారు.

నేను ఇంతదూరం వచ్చింది అసలు ఈ కథ వినడానికి. 1986 జూన్‌లో గొర్రెలను తరలించడం, కోయడం మీద ఆంక్షలు పెట్టినప్పుడు అవి కొన్ని వారాల ముచ్చటే అని రైతులకు చెప్పారు. ఆ లెక్కలో ఒక తర్కం ఉంది. పల్లపు పొలాల్లోని బంకమట్టి పొరలు పుస్తకం పుటల మధ్య నెమలీకను దాచినట్టు సీజియాన్ని బిగించి ఉంచుతాయి. ఒకసారి అక్కడ చిక్కితే అది గడ్డి వేళ్లకు దొరకదు. ఈ కొండల మీద బంకమట్టి లేదు. కుళ్లీ కుళ్లని నాచుతో ఏర్పడిన పులుపునేల, పీట్ ఉంది. అందులో సీజియం దేనికీ అతుక్కోకుండా తిరుగుతూ ఉంటుంది. పొటాషియం కరువైన గడ్డి దాని బదులు సీజియాన్ని పీల్చుకుంటుంది. గడ్డిని గొర్రె తింటుంది. సీజియం పెంటికల రూపంలో మళ్లీ నేలకే చేరుతుంది. గాలిలో గామా స్థాయి కొద్దిరోజుల్లోనే మామూలైపోయింది. గొర్రె తొడలో అంకె మాత్రం ఏళ్లు గడిచినా దిగలేదు. గాలిని కొలిచే యంత్రం తప్పు చెప్పలేదు, అది చెప్పగలిగింది అంతే. మేత గురించి అడగవలసింది గొర్రెనే.

ఇందులో ఊరట కలిగించే అంశం కూడా ఒకటుంది. పల్లపు పచ్చికకు దింపితే గొర్రె ఒంట్లో సీజియం సుమారు పది రోజులకు సగమవుతుంది. కాబట్టి కింద పచ్చిక ఉన్న రైతు కొన్ని వారాలు ఆగి అమ్ముకోగలిగాడు. కొండే దిక్కైనవాడికి ఆ దారి లేకపోయింది. ఒక్కో గొర్రెను కొలిపించినందుకు ఇచ్చిన పరిహారం 1.30 పౌండ్లు. చివరిదాకా అది పెరగలేదని రైతు రెండుసార్లు చెప్పాడు. రంగు పూసిన గొర్రెను అమ్మకూడదని ఎవరూ అనలేదు, కొనేవాడు ధర తగ్గించేవాడంతే.

పక్కనే అణుకేంద్రం ఉండగా ఎక్కడో ఉక్రెయిన్ మీద నెపం వేస్తున్నారన్న అనుమానం ఆ రోజుల్లో ఇక్కడ బలంగా ఉండేదట. కంబ్రియాలో అది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడి విండ్‌స్కేల్‌లో 1957లో నిజంగానే రియాక్టరు తగలబడింది. అనుమానాన్ని తీర్చడానికి కొలతలోనే ఒక ఉపాయం ఉంది. చెర్నోబిల్ బూడిదలో సీజియం 137తోబాటు దాదాపు సగం పాళ్లలో అదే మూలకపు మరో రూపమైన సీజియం 134 కూడా ఉంది. మొదటిది సగం కావడానికి 30 ఏళ్లు పడితే రెండోదానికి రెండేళ్లే చాలు. కాబట్టి 1986లో మట్టిలో రెండూ ఆ పాళ్లలో కనిపిస్తే కొత్త బూడిద, 137 ఒక్కటే మిగిలి ఉంటే పాత బాంబు పరీక్షలదో పాత ప్రమాదాలదో. కంబ్రియాలో పాతదీ కొంత బయటపడింది. అంటే రైతులు అనుమానించిన విషయం పూర్తిగా గాలిమాట కాదు.

మొదట్లో బ్రిటన్ మొత్తం మీద దాదాపు 10,000 పొలాలూ 40 లక్షలకు పైగా గొర్రెలూ ఆంక్షల కిందికి వచ్చాయి. 2012 జూన్‌లో చివరి ఆంక్షలు ఎత్తేసే నాటికి మిగిలినవి మూడు వందల పైచిలుకు పొలాలు. అందులో కొద్దిపాటి తప్ప అన్నీ ఇక్కడివే.

టీ తాగుతూ రైతు మీ దేశానికి ఆ మేఘం రాలేదు కదా అని అడిగాడు. మేఘం సంగతి ఎలా ఉన్నా వెన్న వచ్చిందన్నాను. చెర్నోబిల్ తరువాత ఐర్లండు నుంచి బొంబాయికి దిగిన వెన్న తినదగినదా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు నిపుణుల సంఘాన్ని వేసింది, వారు ప్రమాదం లేదన్నారు, 1988లో కేసు ముగిసింది. ఇప్పుడు మన దేశంలో ఎన్నో ఊళ్లలో గామా స్థాయిని ఎప్పటికప్పుడు కేంద్రానికి పంపే యంత్రాలున్నాయని కూడా చెప్పాను. ఆయన అంతా విని, ఆ యంత్రాల పక్కన పశువులు మేస్తాయా అని అడిగాడు. చాలావరకు కార్యాలయాల ఆవరణల్లో ఉంటాయన్నాను. అయితే పాలను కూడా కొలవమనండి అంటూ కుక్కను పిలిచి గొర్రెలను పై పచ్చికకు తోలడానికి లేచాడు.