రౌండ్‌క్యూబ్ స్కిన్ పని: వత్తుల కోత ఆగింది, ఒక్క పాత ట్యాబ్లెట్‌లో తప్ప

ఎట్టకేలకు ఇన్‌బాక్స్ లిస్టులో "స్త్రీ" అన్న అక్షరం పూర్తిగా కనిపించింది. త వత్తూ, ర వత్తూ రెండూ అడుగు దాకా ఉన్నాయి, ఎక్కడా కోత లేదు. వెబ్‌మెయిల్ మీద ఈ మధ్య చేసిన పనుల్లో ఇంత చిన్నదీ లేదు, ఇంత టైమ్ తిన్నదీ లేదు. కొత్త క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ బావుంది. బాబాయి పాత ట్యాబ్లెట్ మాత్రం ఇంకా మొండికేస్తోంది.

సెటప్ పాతదే. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ మీద రౌండ్‌క్యూబ్ 1.6 (బ్రౌజర్‌లో మెయిల్ చూపించే వెబ్‌మెయిల్ సాఫ్ట్‌వేర్), దానితో వచ్చే ఎలాస్టిక్‌ని ఆధారం చేసుకుని నేను మార్చుకుంటూ పోతున్న స్కిన్, అంటే పై రూపం. వాడేది మా ఇంటి జనం, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీ. ఎలాస్టిక్ 2019లో 1.4 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు లారీ అనే స్కిన్ ఉండేది. పెద్ద స్క్రీన్ మీద లారీ సర్దుబాటు నాకు ఇప్పటికీ నచ్చుతుంది కానీ ఫోన్‌లో దానితో వేగలేం. 1.6 నుంచి దాన్ని అసలు ప్యాకేజీలోంచి తీసి విడిగా పెట్టారు, మంచిపనే. స్నాపీమెయిల్ అనే ఇంకో వెబ్‌మెయిల్ కూడా పెట్టి చూశాను. తేలిక, చకచకా తెరుచుకుంటుంది. అయినా ప్లగిన్ల దగ్గర రౌండ్‌క్యూబ్‌కి అలవాటు పడ్డ చెయ్యి అటు పోలేదు.

పోయినసారి అనుకున్నవాటిలో అయిపోయినవి చెప్పేస్తాను. ఆర్కైవ్, డిలీట్ బటన్ల మధ్య ఎడం పెట్టాను. "అందరికీ జవాబు" బటన్‌ని మామూలు జవాబు పక్కనుంచి తీసి మెనూలోకి నెట్టాను, కమిటీలో సగం గొడవలు తగ్గాయి. ఫోన్‌లో ఏ బటనూ 44 పిక్సెళ్ళకి తగ్గకుండా చేశాను. అటాచ్‌మెంట్ మర్చిపోతే గుర్తుచేసే ప్లగిన్‌కి జతచేశాను, జతపరిచాను, అటాచ్ చేశాను అన్న మాటలు నేర్పాను. ఉత్త "జత" పెడితే రెండు జతల బట్టలు అన్నా అరుస్తుంది.

ఇక వత్తుల గొడవ. లిస్టులో ఒక్కో మెయిల్‌కి రెండు లైన్లు: పైన పంపినవాళ్ళ పేరు, తేదీ, కింద సబ్జెక్ట్. పొడుగైనవాటికి చివర చుక్కలు పడాలి కాబట్టి రెండు లైన్లకీ ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంది, అంటే డబ్బా దాటినదాన్ని కోసేయమని సీఎస్ఎస్‌లో (పేజీ రూపం చెప్పే భాషలో) ఇచ్చే ఆదేశం. ఇంగ్లీషు మెయిల్స్‌కి ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో కూడా చాలా సబ్జెక్టులు బాగానే వస్తాయి. "మెయింటెనెన్స్ పద్దు" చక్కగా కనిపించేది. "శాస్త్రి గారి ఫ్లాట్‌లో లీకేజీ" అని వస్తే మాత్రం అడుగు తెగేది. "అక్షరాల కింద ఎవరో కత్తెర పెట్టార్రా" అని బాబాయి ఫోన్ చేశాక స్క్రీన్‌షాట్ తెప్పించుకుని 400 శాతం పెద్దది చేసి చూశాను. నిజమే, కింద గీత పెట్టి కోసినట్టు తిన్నగా పోయింది.

ఇలాంటప్పుడు ఎలిమెంట్ ఎత్తు చూసి లాభం లేదు. అది డబ్బా కొలత, అక్షరం గీత ఎక్కడిదాకా దిగిందో అది చెప్పదు. బ్రౌజర్‌లో బొమ్మలు గీసే కాన్వాస్‌లో మెజర్‌టెక్స్ట్ అనే కొలిచే ఫంక్షన్‌ని పిలిచి, బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే ఊహాగీత) కింద గీత వాస్తవంగా ఎంత దిగిందో చెప్పే డిసెంట్ విలువ తీసుకోవాలి. నా ల్యాప్‌టాప్‌లో 14 పిక్సెళ్ళ సైజుకి ఉజ్జాయింపుగా ఇవీ అంకెలు: వత్తు లేని "కలప" దాదాపు సున్నా, "పద్దు", "అమ్మ" 5 లోపు, "రాష్ట్రం" 7, "స్త్రీ" 8కి కాస్త తక్కువ. చదవని మెయిల్ బోల్డ్‌లో ఉంటుంది కాబట్టి దానికి ఇంకొంచెం కలుపుకోవాలి.

మరి లైన్‌లో ఉన్న చోటెంత? ఫాంట్ల జాబితాలో మొదటిది రోబోటో. అందులో తెలుగు లేదు, కాబట్టి బ్రౌజర్ సిస్టమ్ ఫాంట్‌కి పోతుంది: విండోస్‌లో నిర్మలా యూఐ, నా లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు. అక్షరాలు అక్కణ్ణుంచి వస్తాయి కానీ లైన్ లెక్క మాత్రం రోబోటోదే. రోబోటోలో ఎమ్ (ఫాంట్ సైజుకి సమానమైన కొలత) అంటే 2048 యూనిట్లు, బేస్‌లైన్‌కి పైన 1900, కింద 500. 14 పిక్సెళ్ళకి లెక్కేస్తే పైన 13, కింద 3.4, మొత్తం 16.4. నేను పెట్టిన లైన్ హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) 20. మిగిలిన 3.6ని బ్రౌజర్ పైకి సగం, కిందికి సగం పంచుతుంది. అంటే బేస్‌లైన్ కింద దక్కేది 5.2 పిక్సెళ్ళు. ఒంటి వత్తు వెంట్రుకవాసిలో కోత తప్పించుకుంటుంది, జంట వత్తుకి 2 నుంచి 3 పిక్సెళ్ళు పోతాయి. ఈ తేడా ఇన్నాళ్ళు ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఇదే. జూమ్ 110 శాతం చేస్తే అప్పుడప్పుడు ఒంటి వత్తుకి కూడా అడుగు పోతోంది. పూర్ణాంకాలకి సర్దేటప్పుడు బేస్‌లైన్ కాస్త కిందికి జరుగుతోందని నా అనుమానం.

పైన మాత్రం 14.8 పిక్సెళ్ళ చోటుంది. తెలుగు అక్షరం గుడితో కలిపి కొలిచినా నా దగ్గర 11 దాటలేదు. అంటే పైన దాదాపు 4 పిక్సెళ్ళు ఊరికే పడున్నాయి.

మొదట అందరూ చేసేదే చేశాను, లైన్ హైట్ పెంచడం. 24 చేస్తే కింద 7.2 వచ్చింది: రాష్ట్రం గట్టెక్కింది, స్త్రీ ఎక్కలేదు. 26 చేస్తే 8.2, అన్నీ గట్టెక్కాయి. కానీ పెంచిన ప్రతి 2 పిక్సెళ్ళలో ఒకటి అక్కర్లేని పైభాగానికి పోతోంది. రెండు లైన్లూ కలిపి మెయిల్ వరుస 56 నుంచి 68 పిక్సెళ్ళయింది. 768 ఎత్తున్న ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద లిస్టుకి దక్కేది 560 దాకా, పది మెయిల్స్ కనిపించే చోట ఎనిమిదే కనిపించాయి. వదినకి వచ్చేవన్నీ ఇంగ్లీషు మెయిల్సే. "ఇంతింత ఖాళీ వదిలేశావేంటయ్యా" అంది. తీసేశాను. లైన్ హైట్‌ని నార్మల్‌కి వదిలేస్తే ఇంకో తలనొప్పి. అప్పుడు బ్రౌజర్ రెండు ఫాంట్ల కొలతలూ లెక్కలోకి తీసుకుంటుంది, తెలుగు వరుస ఒక ఎత్తు, ఇంగ్లీషు వరుస ఒక ఎత్తు అవుతాయి. లిస్టు చూడ్డానికే చిరాకు.

అడ్డంగా కోసి నిలువుగా వదిలేద్దామని ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్, ఓవర్‌ఫ్లో-వై విజిబుల్ పెట్టాను. సీఎస్ఎస్ ఒప్పుకోదు. ఒక దిక్కు హిడెన్ అయితే రెండో దిక్కున విజిబుల్ కాస్తా ఆటో (పట్టకపోతే స్క్రోల్‌బార్ పెట్టే సెట్టింగ్) అయిపోతుంది. స్క్రోల్‌బార్ వచ్చినా విషయం వెంటనే తెలిసేది, అదీ రాలేదు. అక్షరం గీత డబ్బా దాటి పొడుచుకొస్తే బ్రౌజర్ దాన్ని స్క్రోల్ చేయాల్సిన సరుకుగా లెక్కపెట్టదు. కోత కోతలాగే ఉండిపోయింది. బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో కంప్యూటెడ్ (చివరికి అమలైన) విలువలు చూస్తేగానీ ఆటో అని కనబడలేదు.

తర్వాత ప్యాడింగ్-బాటమ్ (డబ్బా లోపల అడుగున ఖాళీ) 3, మార్జిన్-బాటమ్ (డబ్బా బయట అడుగున ఖాళీ) మైనస్ 3. ఓవర్‌ఫ్లో కోత పడేది ప్యాడింగ్ అంచు దగ్గర కాబట్టి వత్తులకి ఇంకో 3 పిక్సెళ్ళు దొరుకుతాయి, వరుస ఎత్తు మారదు. సబ్జెక్ట్ లైన్‌లో వెంటనే పనిచేసింది. పై లైన్‌లో "శాస్త్రి" అలాగే తెగింది. విలువ 3 నుంచి 6కి, 6 నుంచి 10కి పెంచినా చలనం లేదు. పొడుగు పేరు తేదీని బయటికి నెట్టకుండా పేరునీ తేదీనీ కలిపి పక్కపక్కన సర్దే ఒక ఫ్లెక్స్ డబ్బాలో పెట్టి ఉన్నాను, ఆ బయటి డబ్బాకి కూడా ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంది. లోపల ఎంత చోటిచ్చినా బయట మళ్ళీ 20 దగ్గర కోత పడుతోంది. బయటిది తీసేసి, పేరుకి మిన్-విడ్త్ (కనీస వెడల్పు) సున్నా ఇచ్చాను. పేరు తగినంత కుదించుకుంటోంది, తేదీ కదలడం లేదు, వత్తులు బతికాయి.

కిందికి దిగిన ఆ 3 పిక్సెళ్ళు సబ్జెక్ట్ లైన్ నెత్తిన పడతాయని భయపడ్డాను. అక్కడ ఊరికే పడున్న 4 పిక్సెళ్ళు ఇప్పుడు పనికొచ్చాయి. పేరు కింది వత్తుకీ, సబ్జెక్ట్ పై గుడికీ మధ్య ఒక పిక్సెల్ సందు మిగిలింది. బోల్డ్‌లో అది కూడా దాదాపు మూసుకుపోతుంది కానీ తగలడం లేదు.

మిగిలిన ఒక్క పేచీ కీబోర్డ్ ఫోకస్ గీత. అది ప్యాడింగ్‌ని కూడా కలుపుకుని చుట్టూ వస్తుంది, పేరు చుట్టూ వచ్చిన గీత సబ్జెక్ట్ మీదికి ఎక్కుతోంది. దాంతో ప్యాడింగ్, మార్జిన్ రెండూ తీసేసి ఓవర్‌ఫ్లో-ఎక్స్ క్లిప్‌కి మారాను. క్లిప్ అయితే రెండో దిక్కున విజిబుల్‌ని విజిబుల్‌గానే ఉండనిస్తుంది, పైగా చివరి చుక్కలు మామూలుగానే పడతాయి. క్రోమ్‌లో 90 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 81 నుంచి, సఫారీలో 16 నుంచి ఉంది. ఇంత శుభ్రమైన మందు ఉండగా ఇప్పటికీ అందరూ హిడెన్‌నే పట్టుకు వేలాడటం నాకు వింతగా ఉంది. లాటిన్ లిపిలో అవసరం పడదు కాబట్టి కావచ్చు.

క్లిప్ తెలియని బ్రౌజర్లకి సపోర్ట్స్ షరతు (ఇది నీకు తెలుసా అని బ్రౌజర్‌ని అడిగేది) పెట్టి పాత ప్యాడింగ్ పద్ధతే ఇచ్చాను. బాబాయి ట్యాబ్లెట్ ఈ కోవలోదే. దాంట్లో పేజీ తెరవగానే అన్నీ బావుంటాయి. వేలితో స్క్రోల్ చేశాక కొన్ని వత్తుల తోకలు మాయమవుతాయి, ఆ వరుస తాకితే తిరిగొస్తాయి. కొలతలు తప్పయితే మొదట్నుంచే తెగాలి. కాబట్టి తిరిగి గీసేటప్పుడు బ్రౌజర్ లైన్ హైట్ మేరకే గీస్తోందని ఊహిస్తున్నాను. ఆ ఒక్క చోట లైన్ హైట్ 26 ఇచ్చేసి వదిలేద్దామనిపిస్తోంది. బాబాయికి ఖాళీ ఎక్కువైతే ఇబ్బందేమీ లేదు, ఆయనకి పెద్దగా కనిపిస్తే చాలు.

తెలుగు ఫాంట్‌నే ముందు పెట్టొచ్చుగా అని అడుగుతారని తెలుసు. పెట్టి చూశాను. సిలికానాంధ్ర ఫాంట్లలో మండలి నాకు ఇష్టం, పేరాలు చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఒకే బరువులో (గీత లావులో) ఉంది. చదవని మెయిల్‌కి బోల్డ్ కావాలంటే బ్రౌజర్ తనే గీతల్ని లావు చేస్తుంది, 14 పిక్సెళ్ళలో వత్తులు ముద్దగా అలుక్కుపోతాయి. అనేక్ తెలుగులో 100 నుంచి 800 దాకా బరువులున్నాయి, లాటిన్ కూడా అదే ఫాంట్‌లో ఉంది కాబట్టి రెండు ఫాంట్ల కొలతల పంచాయతీ ఉండదు. మెయిల్ చదివే పేజీకి దాన్నే ఖాయం చేసేలా ఉన్నాను. లిస్టుకి మాత్రం సిస్టమ్ ఫాంటే మేలు, ఏదీ డౌన్‌లోడ్ అవ్వాల్సిన పనిలేదు.

ఇక తర్వాతి పని: సబ్జెక్ట్ కింద మెయిల్ మొదటి మాటలు చూపించడం. మెయిల్ సర్వర్‌తో మాట్లాడే ఐమ్యాప్ పద్ధతికి ప్రివ్యూ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, డవ్‌కాట్‌లోనూ పనిచేస్తుంది, 200 క్యారెక్టర్ల దాకా ఇస్తుంది. చిక్కు ఆ లెక్కలోనే ఉంది. యూనికోడ్ లెక్కలో "స్త్రీ" ఒక్కటే 6 క్యారెక్టర్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. నేను ఫోన్ కోసం ఇంకా చిన్నగా, 80 దగ్గర కోస్తే పొల్లు దగ్గర తెగి "స్" మిగలొచ్చు. రౌండ్‌క్యూబ్ నడిచే పీహెచ్‌పీ భాషలో గ్రఫీమ్ (కంటికి ఒక అక్షరంగా కనిపించే ముక్క) ఫంక్షన్లు ఉన్నాయి, కానీ తెలుగు జంట వత్తుల అక్షరాన్ని ఒకే ముక్కగా చూసే నియమం యూనికోడ్ 15.1తో, 2023లో వచ్చింది. నా సర్వర్ డెబియన్ 12, అందులో యూనికోడ్ నియమాల లైబ్రరీ ఐసీయూ 72, అంటే ఆ నియమం కన్నా పాతది. "స్త్రీ"ని మూడు ముక్కలుగా లెక్కపెడుతుంది. డెబియన్ 13కి మారితే తీరిపోతుంది కానీ మెయిల్ సర్వర్‌ని కదపాలంటే టెన్షన్. ఈలోగా బ్రౌజర్‌లో, అక్షరాలుగా విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్‌తో కోయొచ్చేమో. ముందు అసోసియేషన్ మెయిల్స్ తీసుకుని, ఆ 200లో మన అక్షరాలు ఎన్ని పడుతున్నాయో ఒక చిన్న స్క్రిప్టుతో లెక్కేయాలి.