పచ్చళ్ళ కొట్టుకు జీఎస్టీ నంబరు, మా ఓనరుగారి ఫోటో

మొన్న మంగళవారం పొద్దున జాడీలు కడుగుతుంటే మెయిల్ వచ్చింది, జీఎస్టీ సర్టిఫికెట్. ఆషాఢంలో అప్లై చేస్తే శ్రావణం సగం గడిచాక చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది చిక్కడపల్లి సందులో చిన్న పచ్చళ్ళ, పొడుల కొట్టు. ఏడాదికి తొమ్మిది లక్షల అమ్మకం కూడా ఉండదు. తెలంగాణలో 20 లక్షలు దాటితేనే జీఎస్టీ. విజయవాడలో స్వీట్లు అమ్మే మా చెల్లెలికైతే, అది ఆంధ్ర కాబట్టి 40 లక్షల దాకా అక్కర్లేదు. మరి నాకెందుకంటే, వాళ్ళ వీధిలో ఒక షాపాయన నెలనెలా నా పచ్చళ్ళు కావాలన్నాడు. బెజవాడ వాళ్ళు హైదరాబాద్ నుంచి ఆవకాయ తెప్పించుకుంటున్నారంటే నా చెయ్యి ఎలాంటిదో మీరే ఆలోచించుకోండి. కానీ సరుకు రాష్ట్రం దాటిందంటే, అమ్మకం ఒక్క రూపాయైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

మిగతావన్నీ సులువుగానే అయ్యాయి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు, ఆధార్, పాన్‌తో పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది దొంగ సైట్ అనుకోండి. ఫుడ్ రిజిస్ట్రేషన్‌కు నాకు ఏడాదికి వంద రూపాయలే పడింది. ట్రేడ్ లైసెన్సుకు కొట్టు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి ఫీజు వేస్తారు. మాది ఇరుకు సందు కాబట్టి తక్కువే పడింది. కరెంటు కాటాకు తూకం సరిగ్గా ఉందని ఏటా ప్రభుత్వ ముద్ర వేయించాలి, అదీ అయింది.

జీఎస్టీ దగ్గర మాత్రం నా ప్రాణం విసిగిపోయింది.

రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు లేదు. నాకు ఆ సంగతి తెలియక ఒక కన్సల్టెంటుకు ఆరు వేలు ఇచ్చాను. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు అప్‌లోడ్ చేశాడు. బిల్లు మా ఓనరుగారి నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు. మీటరు మీద పేరు మార్పించాలని ఎవరికీ తోచలేదు. ఈ తప్పు మాదే, ఒప్పుకుంటాను.

వారానికి నోటీసొచ్చింది. బిల్లు మీదున్న మనిషి మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, ఓనరు ఆధార్ కావాలట. వాటితోపాటు ఓనరు కొట్టులో నిలబడి అగ్రిమెంటు పట్టుకున్న ఫోటో!

మా ఓనరుగారికి 78 ఏళ్ళు, మోకాలి ఆపరేషన్ అయింది. ఉండేది అదే బిల్డింగు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. నేను మొహమాటపడుతూ అడిగితే “దానిదేముందమ్మా, వస్తాను” అన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగడానికి పావుగంట పట్టింది. నా కొట్టులో గోంగూర జాడీల మధ్య ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో అగ్రిమెంటు పట్టుకుని నిలబడ్డారు. కాగితం తలకిందులుగా ఉందని ఫోటో తీశాకగానీ చూసుకోలేదు. మళ్ళీ తీశాం. ఆ ఫోటో పంపితే, బోర్డు కనబడలేదట, ఆఫీసుకు వచ్చి మాట్లాడమని ఫోన్.

ఏ ఆఫీసో రాయను. అంతా ఆన్‌లైనే కదా, ఎందుకు రావాలని అడిగే ధైర్యం అప్పటికి లేదు. పదకొండింటికి వెళ్తే మూడున్నరకు పిలిచారు. కుర్చీలో ఉన్నాయన నా కాగితాలు చూడకుండానే “మీవారు రాలేదా?” అన్నాడు. వ్యాపారం నాదండీ అన్నాను. “పచ్చళ్ళమ్ముకోడానికి జీఎస్టీ ఎందుకమ్మా?” అన్నాడు. పక్క టేబుల్ ఆయన నవ్వాడు. కట్టకపోతే వెంటపడేదీ వీళ్ళే, కడతానని వస్తే ఎందుకనేదీ వీళ్ళే. ఆ మాట అక్కడ నోటికి రాలేదు, బస్సెక్కాక వచ్చింది. నాలుగు రోజులకు అప్లికేషన్ రిజెక్ట్.

కన్సల్టెంటు ఇంకో మూడు వేలు అడిగాడు. అప్పుడు మా అక్క కొడుకు ఫోన్‌లో వెతికి, “పిన్నీ, ఇది చూడు” అని ఒక కాగితం చూపించాడు. 2025 ఏప్రిల్ 17న పరోక్ష పన్నుల కేంద్ర బోర్డు తన అధికారులకిచ్చిన ఆదేశం. అద్దె కొట్టయితే అగ్రిమెంటు, దానితోపాటు ఓనరుదని చూపే కాగితం ఏదో ఒకటి, అంటే ఆస్తి పన్ను రసీదో కరెంటు బిల్లో, చాలట. అగ్రిమెంటు రిజిస్టర్ కాకపోతే ఓనరు గుర్తింపు పత్రం పెట్టాలి. మాది స్టాంపు పేపరు మీద రాసుకున్నదే, కాబట్టి ఆధార్ అడగడం న్యాయమే. కానీ ఓనరును కొట్టులో నిలబెట్టి ఫోటోలు అడగొద్దని, ఊహించుకుని ప్రశ్నలు వేయొద్దని అందులోనే ఉంది. చదువుతుంటే ఆయన ఒక్కో మెట్టూ దిగడం కళ్ళ ముందుకొచ్చి ఒళ్ళు మండింది.

అసలు ఆస్తి పన్ను రసీదు మా ఓనరుగారి సొంత పేరు మీదే ఉంది! ఆ పన్ను కట్టించుకున్నది ప్రభుత్వం, లెక్క వాళ్ళ కంప్యూటర్లోనే ఉంది, దాన్ని మళ్ళీ నేను ఫోటో తీసి వాళ్ళకే చూపించాలి. పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులివ్వాలని 2014లోనే చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. పచ్చళ్ళ కొట్టుకు ఆ గౌరవంలో పదో వంతు ఇచ్చినా నాకు చాలు.

రెండోసారి నేనే అప్లై చేశాను. కరెంటు బిల్లు పెట్టలేదు. అగ్రిమెంటు, పన్ను రసీదు, ఓనరుగారి ఆధార్, అంతే. మళ్ళీ ఫోటో అడుగుతూ నోటీసొచ్చింది. జవాబివ్వడానికి ఏడు పనిదినాలే ఉంటాయి, కాబట్టి రోజూ లాగిన్ అయి చూసుకోండి, మెసేజ్‌ల మీద ఆధారపడొద్దు. ఆ ఆదేశం నంబరు, తేదీ రాసి, కాపీ జతచేసి, అడిగిన ఫోటో దీని ప్రకారం అక్కర్లేదని నాలుగు వాక్యాల్లో జవాబిచ్చాను. ఆఫీసుకు రమ్మని మళ్ళీ ఫోనొస్తే, ఏం కావాలో పోర్టల్‌లోనే అడగండి అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఐదో రోజుకు సర్టిఫికెట్.

ఇప్పుడు మా సందులో టైలరుకు, జిరాక్స్ ఆయనకు నోటీసులొస్తే జవాబు నా దగ్గరే రాయించుకుంటున్నారు. మూడు వేలు తీసుకోవడం లేదు.

సర్టిఫికెట్ ప్రింటు తీసి మూడో అంతస్తుకెక్కి ఓనరుగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, “అమ్మాయ్, ఆ రోజు తీసిన ఫోటో ఒకటి నాకు పంపు” అన్నారు. ఇప్పుడు ఆయన వాట్సాప్‌లో అదే డీపీ. కాగితం తలకిందులుగా ఉన్నదే పెట్టుకున్నారు.