ఎనిమిదో రాయి

"ఇది కూడా ఉత్త రాయేనమ్మా." ఏడోసారి అన్నారు పెద్దాయన. నవ్వకుండా అన్నారు, అదే గొప్ప.

శిలాజాల కోసం వెతుకుతున్న ఈ మూడు గంటలుగా నాకు ప్రతి గుండ్రటి రాయీ ఎముకలాగే కనిపిస్తోంది మరి.

"రాయిని కాదు, గీతల్ని వెతుకు. ఒకే వరసలో ఉన్నాయా, చుట్ట తిరిగాయా చూడు" అన్నారు. పొరరాయిని పొర వెంబడే కొట్టాలని కూడా అప్పుడే తెలిసింది. నేనేమో పొద్దున్నుంచీ దాని నెత్తిమీద బాదుతున్నా!

ఎనిమిదోది పుస్తకంలా రెండుగా విచ్చుకుంది. ఒక సగంలో బొటనవేలి గోరంత అమ్మోనైట్, అంటే చుట్ట తిరిగిన గుల్లతో ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవి శిలాజం. చుట్ట మీద దువ్వెన పళ్లలాంటి సన్నటి గీతలు. రెండో సగంలో దాని అచ్చు.

అమ్మోనైట్లు అంతరించిపోయి దాదాపు 6.6 కోట్ల ఏళ్లు. ఇది అంతకంటే పాతదే. దీన్ని చూసిన మొదటి మనిషిని నేనే! ఆ మాట తట్టగానే చెయ్యి వణికింది, ఎక్కడ పడేస్తానోనని టెన్షన్.

చుట్టడానికి కాగితం తేలేదు. సాక్సు విప్పి అందులో పెట్టా.

ఎక్కడ దొరికిందో రాసి, తేదీ వేసి పక్కన పెట్టా. ఆ ఏడు రాళ్లు కూడా ఇంకా సంచిలోనే ఉన్నాయి. పారేయబుద్ధి కావట్లేదు.