పిల్లలకు కోల్విట్స్ బొమ్మలు చూపిద్దాం

బెర్లిన్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది: వాళ్లకు జర్మన్ చిత్రకారిణి, శిల్పి కేటే కోల్విట్స్ బొమ్మలు చూపించండి. "ఏడుపు బొమ్మలు పసివాళ్లకెందుకు?" అని ఊళ్లో పెద్దవాళ్లు అంటారు. ఆకలి, యుద్ధం పసివాళ్లను వదిలిపెట్టవు కదా!

ఆమె 1922-23లో చెక్క మీద చెక్కి అచ్చువేసిన స్వీయచిత్రాన్ని మా అమ్మాయి పుస్తకంలో చూసింది. నల్లటి చీకట్లోంచి ముఖం ఒక్కటే మనకేసి సూటిగా చూస్తుంటుంది. పెడనలో కలంకారీ అచ్చులను దగ్గరగా చూసిన పిల్ల కనుక పని తీరు ఇట్టే పట్టేసింది. చెక్కేసిన చోట రంగు అంటదు, మిగిల్చిన చోటే పడుతుంది. "అమ్మా, అయితే ముఖం మీది ఆ తెల్లగీతలన్నీ ఉలితో తీసినవేనా?" అంది.

కోల్విట్స్ భర్త కార్ల్ బెర్లిన్‌లోని ప్రెంజ్లావర్ బెర్గ్‌లో పేదలకు వైద్యం చేసేవాడు. అక్కడికి వచ్చే కార్మికుల భార్యలు, వాళ్ల పిల్లలే ఆమె బొమ్మల్లోకి వచ్చారు. 1920ల నాటి ఆకలి పోస్టరులో పిల్లలు ఖాళీ గిన్నెలు పైకెత్తి అడుగుతుంటారు. దాన్ని మా అమ్మాయికి వివరించాల్సిన అవసరమే రాలేదు.

వివరించడం కష్టమైంది పీటర్ కథ. 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే, ఆమె చిన్నకొడుకు పీటర్ సైన్యంలో చేరతానన్నాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు, తండ్రి అనుమతి తప్పనిసరి. కార్ల్ వద్దన్నాడు. తల్లే నచ్చజెప్పి ఒప్పించింది. ఆ అక్టోబరులోనే కొడుకు బెల్జియంలో చనిపోయాడు. తర్వాత 'యుద్ధం' వరుసలో చెక్కిన 'వాలంటీర్లు' బొమ్మలో మృత్యువు డప్పు కొడుతూ ముందు నడుస్తుంటే కుర్రాళ్లు వెంట పోతుంటారు. మృత్యువు పక్కనే ఉన్నవాడు పీటర్.

"అమ్మ అయ్యుండి ఎందుకు ఒప్పుకుంది?" అని మా అమ్మాయి అడిగింది. మన ఇళ్లలో పిల్లల నిర్ణయాలు పెద్దలే తీసుకుంటారు, ఇక్కడి బడిలో నీ అభిప్రాయం నువ్వే చెప్పమంటారు. ఈ రెంటి మధ్య రోజూ నలుగుతున్న నాకు ఆ ప్రశ్న సూటిగా తగిలింది. కొడుకు నమ్మకాన్ని కాదనలేకపోయిందని చెప్పాను. అప్పటికి నాకు తోచింది అంతే.

1924లో 'ఇక యుద్ధం వద్దు' అంటూ చెయ్యెత్తిన కుర్రాణ్ణి గీసింది. నాజీలు 1933లో ఆమెను ప్రష్యన్ కళా అకాడమీ నుంచి వెళ్లగొట్టారు. పీటర్ కోసం చేసిన తల్లిదండ్రుల శిల్పాలు అంతకు ముందేడు, 1932కి గాని పూర్తి కాలేదు. మోకాళ్ల మీద ఉన్న ఆ ఇద్దరూ తనూ కార్లే. ఇప్పుడవి బెల్జియంలోని వ్లాడ్స్‌లోలో, కొడుకు సమాధి ఉన్న శ్మశానంలోనే ఉన్నాయి. వేసవి సెలవుల్లో అమ్మాయిని అక్కడికి తీసుకెళ్తున్నాను.