ఓరుగల్లు, రామప్ప: ఒక రాత్రి ఆగితేనే కాకతీయుల గుళ్లు కనిపిస్తాయి

హైదరాబాద్ నుంచి రామప్పను ఒక్కరోజులో చుట్టేసి రావాలని చాలామంది అనుకుంటారు. దారిలో వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట చూసుకుంటూ రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అప్పటికి బండలు కాలుతుంటాయి, చూరు కింది నల్లరాతి మదనికలు (అమ్మాయిల శిల్పాలు) నీడలో కలిసిపోతాయి, పిల్లలకు ఆకలి. రామప్పకు పొద్దున్నే వెళ్లాలి. అందుకు ముందురోజు రాత్రి హన్మకొండలో ఉండాలి. మిగతా ప్లానంతా దీని చుట్టూ వేసుకోండి.

సికింద్రాబాద్ నుంచి రైల్లో రెండు, రెండున్నర గంటలు. హన్మకొండలో గది తీసుకుంటే కాజీపేటలో దిగండి, వరంగల్ స్టేషన్ కన్నా అదే దగ్గర. కోటకు మాత్రం వరంగల్ స్టేషన్ దగ్గర. సొంత కారైతే భువనగిరి, జనగామ మీదుగా వచ్చే దారి.

మొదటిరోజు ముందు వేయి స్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది: శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకే రంగమండపం. ఇప్పుడు పూజలు జరిగేది రుద్రేశ్వరుడికే. జనం దర్శనం చేసుకుని నంది దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు ఎదురుగా ఉన్న కల్యాణమండపంలోకి కూడా వెళ్లండి. 2006లో రాయి రాయి విప్పి, మళ్లీ పేర్చడం మొదలుపెడితే 2024కు గానీ తెరవలేదు. సోమవారాలు, కార్తీకమాసం రద్దీ ఎక్కువ. శిల్పం చూడాలనుకునేవాళ్లు ఆ రోజులు వదిలేయడం మంచిది.

భద్రకాళి గుడి మధ్యాహ్నం మూస్తారు కాబట్టి దాన్ని సాయంత్రానికి ఉంచుకోండి. మూడింటికి కోటకు బయల్దేరితే సరిపోతుంది. కోటలో గేటు దగ్గర దిగి నాలుగు తోరణాల ముందు ఫోటో తీసుకుంటే అయిపోయిందనుకోవద్దు. ఆ నాలుగు కీర్తితోరణాలూ ఒకప్పటి స్వయంభూ శివాలయం ఆవరణకు నాలుగు దిక్కులా నిలబెట్టిన ద్వారాలు. మధ్యలో పడి ఉన్న స్తంభాలు, చూరు రాళ్లు, దూలాలు ఆ గుడివే. 1323లో ఢిల్లీ సేనలకు కోట లొంగాక కూలిన గుడి అది. ఒక తోరణం కింద నిలబడి ఎదుటి తోరణం వైపు చూస్తే గుడి ఎంత పెద్దదో అంచనాకు వస్తుంది. తర్వాత పక్కనే ఉన్న ఖుష్ మహల్, ఆ తర్వాత రాతిగోడ ద్వారాలు. ద్వారంలోంచి దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. ఏనుగులు, గుర్రాలు ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన ఈ రాతిగోడ బయట మట్టికోట కూడా ఉంది. ఆటో మాట్లాడుకునేటప్పుడే ద్వారాల దగ్గర కూడా ఆపాలని చెప్పి బేరం కుదుర్చుకోండి, లేకపోతే తోరణాల దగ్గర దింపి తొందరపెడతారు.

రెండోరోజు ఆరింటికల్లా హన్మకొండ వదలాలి. రామప్పకు దాదాపు 70 కిలోమీటర్లు, ములుగు మీదుగా గంటన్నర. బస్సులో అయితే ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్‌రోడ్డులో దిగి ఆటో ఎక్కాలి. తిరుగు ప్రయాణానికి అదే ఆటోను ఆపుకోండి, గుడి దగ్గర ఎప్పుడూ దొరకవు. టిఫిన్ ములుగులోనే కానిచ్చేయండి.

గుడి తూర్పుముఖం. పొద్దుటి ఎండ వాలుగా చూరు కిందకు వస్తుంది, ముందువైపు మదనికలు అప్పుడే మెరుస్తాయి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని ఆవరణలోని శాసనస్తంభం చెబుతుంది. యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలూ మదనికలూ నల్లటి డోలరైట్. ఈ తేడా చేత్తో ముట్టకుండానే తెలుస్తుంది: ఇసుకరాయి గరుకుగా పొడి రాలినట్టుంటుంది, నల్లరాయి అద్దంలా నిగనిగలాడుతుంది. కాలిలో ముల్లు తీయించుకునే అమ్మాయి, చీర లాగే కోతిని తరిమే అమ్మాయి, ఎత్తుమడమల చెప్పులు తొడుక్కున్న అమ్మాయి, ఈ ముగ్గురినీ వెతకండి. లోపల మండపం పైకప్పు చీకటి, చిన్న టార్చి ఉంటే మెడ పైకెత్తినందుకు ఫలితం దక్కుతుంది. నేల ఎగుడుదిగుడు, పైకి చూస్తూ నడవొద్దు. గర్భగుడి ద్వారం దగ్గరి వేణుగోపాలుడి చెక్కడాన్ని తడితే స్వరం పలుకుతుందని తట్టి చూపిస్తుంటారు. మీరు తట్టకండి, ఎనిమిది వందల ఏళ్ల రాయి అది. చెప్పులు కిందే వదలాలి కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా మందపాటి సాక్సులు తప్పనిసరి. ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి.

గుడికి రెండు గంటలు ఇచ్చి చెరువు కట్ట ఎక్కండి. గుడితోపాటు తవ్వించిన ఈ చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. కాకతీయులను అర్థం చేసుకోవాలంటే గుడినీ చెరువునూ కలిపే చూడాలి.

చాలామంది ఇక్కడినుంచి లక్నవరం చెరువుకు వెళ్తారు. గుళ్ల కోసం వచ్చినవాళ్లు దాన్ని ఇంకోసారికి వాయిదా వేసుకుని, పది కిలోమీటర్ల దూరంలోని గణపురం కోటగుళ్లు చూడాలని నా గట్టి మాట. ఒకే ఆవరణలో 22 గుళ్లు, చాలావరకు శిథిలాలు, జనం పలచన. గడ్డి పెరిగే వానాకాలంలో బూట్లు వేసుకోండి, పాములుంటాయి. అక్కడ తాగడానికి ఏమీ దొరకదనుకుని మనిషికి రెండు లీటర్ల నీళ్లు కారులో పెట్టుకోండి.

ఒంటిగంటకు గణపురం వదిలితే మూడింటికి హన్మకొండ, సాయంత్రం రైలు తేలిగ్గా అందుతుంది. తేదీలు ఖాయం చేసేముందు మేడారం జాతర ఎప్పుడో చూసుకోండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతర వారంలో ములుగు రోడ్డంతా బండ్లతో నిండిపోతుంది, హన్మకొండలో గదులు దొరకవు.