హీటర్ బాగైంది, బానెట్ పరువు తీసింది

చేతుల మీద గీతలు ఇంకా మానలేదు. మోచేతి దగ్గర గ్రీజు మూడుసార్లు సబ్బు పెట్టి రుద్దినా వదల్లేదు. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు రోజులాగితే అంతా సాఫీగా చేసేసినట్టు రాసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

నా పాత కారులో కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, వారం వారం తగ్గుతూ వచ్చింది. కింద నేల మీద మాత్రం ఒక్క చుక్క కనపడదు. ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొర పట్టేది, గుడ్డతో తుడిస్తే ఇంకా పాముకునేది. హీటర్ వేస్తే ఒకలాంటి తియ్యటి వాసన. ఓ రోజు డ్రైవర్ పక్క సీటు ముందున్న కార్పెట్ ఎత్తి చూశాను. కింద స్పాంజి తడిసి ముద్దయింది. ఏసీ నీళ్లేమో అనుకుని వేళ్ల మధ్య రుద్దితే నూనెలా జారింది. ఏసీ నీళ్లకు జిడ్డూ ఉండదు, వాసనా ఉండదు. హీటర్ కోర్ పోయిందన్నమాట.

హీటర్ కోర్ అంటే పెద్ద పుస్తకం సైజులో ఉండే బుల్లి రేడియేటర్. ఇంజన్‌లో వేడెక్కిన కూలెంట్ దాంట్లోంచి తిరుగుతుంది, బ్లోయర్ గాలి దాని మీదుగా వచ్చి వెచ్చగా తగులుతుంది. కనిపెట్టినవాడు గొప్పోడే. దాన్ని డ్యాష్‌బోర్డ్ వెనక, అందనంత లోపల పెట్టినవాడి మీదే నాకు కోపం. ముందు హీటర్ని నిలబెట్టి దాని చుట్టూ కారు కట్టారేమో అనిపిస్తుంది.

వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే అక్కడి మెకానిక్ వాసన చూసి, "డ్యాష్ మొత్తం దించాలి సార్. స్టీరింగ్ తియ్యాలి. ఈ పాత బండికి అంత ఎందుకు, రెండు పైపులూ కలిపేసి హీటర్ లేకుండా చేసిస్తా" అన్నాడు. హీటర్ లేకపోతే మంచు పట్టిన అద్దం ఎలా తుడుచుకోవాలయ్యా అంటే నవ్వాడు. పోనీ నేనే చేసుకుంటానన్నాను. "ఇది మీ వల్ల అయ్యే పని కాదు సార్" అన్నాడు. ఆ మాట అనకపోయుంటే బహుశా బండి అక్కడే వదిలేసేవాణ్ణి.

నాకు భయమంతా స్టీరింగ్ మీదే. అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంది మరి. అందుకే మాన్యువల్ ముందేసుకుని అక్షరం అక్షరం చదివాను. బ్యాటరీ మైనస్ వైరు తీసిన వెంటనే ఎయిర్‌బ్యాగ్ జోలికి పోకూడదు. యాక్సిడెంట్‌లో బ్యాటరీ తెగిపోయినా బ్యాగ్ తెరుచుకోవాలని దాని యూనిట్‌లో కాస్త కరెంటు దాచి ఉంచుతారు, అది దిగిపోవాలి. కొన్ని బండ్లకి 90 సెకన్లు చాలంటారు, కొన్నిటికి 10 నిమిషాలంటారు. నేను అరగంట ఆగాను. తీసిన ఎయిర్‌బ్యాగ్ కవర్ మన ఒంటి వైపు కాకుండా బయటికి చూసేలా పట్టుకెళ్లాలి, బల్ల మీద కవర్ పైకి ఉండేలా పెట్టాలి. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు మొత్తం ముక్క రాకెట్‌లా పైకి లేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లకుండే పసుపు రంగు కనెక్టర్లలో మల్టీమీటర్ పుల్లలు పెట్టి ప్రయోగాలు చెయ్యకండి.

స్టీరింగ్ నట్టు వదులు చేశాక పూర్తిగా తియ్యకుండా నాలుగు చుట్లు ఉంచి, ఆ తర్వాత చక్రాన్ని లాగాను. నట్టు తీసేసి లాగితే చక్రం ఒక్కసారిగా ఊడొచ్చి మూతి పగులుతుంది. చక్రానికీ షాఫ్ట్‌కీ కలిపి తెల్ల మార్కర్‌తో గీత పెట్టాను. ముందు టైర్లు నేరుగా ఉంచాను. చక్రం వెనకుండే క్లాక్ స్ప్రింగ్ తిరగకుండా టేపు వేశాను. చక్రం ఎన్ని చుట్లు తిప్పినా హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ వైరు తెగకుండా చూసే రిబ్బన్ అది. నడిమధ్యలో లేకుండా బిగిస్తే ఏదో ఒక యూ టర్న్‌లో పుటుక్కుమంటుంది. దాంతో హారన్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. కింద స్టీరింగ్ జాయింట్ బోల్టు విప్పాక కూడా చక్రం చేత్తో తిప్పుతూ ఆడుకోకూడదు, కారణం ఇదే. ఇదంతా తప్పు లేకుండా చేశాను. గొప్పలు చెప్పుకుంటున్నానని కాదు, కొంచెం చెప్పుకుంటున్నాను కూడా.

డ్యాష్ దించడం విసుగు పని, అంతే. ప్రతి స్క్రూనీ అది ఏ చోటిదో రాసిన కవర్లో వేసుకుంటే ఏడుపుండదు. నా బండిలో ఏసీ పైపులు ముట్టుకోకుండానే హీటర్ కోర్ బయటికొస్తుంది. మీ బండిలో అలా రాకపోతే ముందు ఏసీ గ్యాస్‌ని మెషీన్‌తో తీయించుకోండి, గాలిలోకి వదిలెయ్యకండి. రెండు హీటర్ పైపులు మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయి అతుక్కుపోయాయి. మెలిపెట్టి లాగొద్దు. బ్లేడుతో నిలువునా చీల్చి ఒలిచెయ్యండి, కొత్త పైపులు ఎలాగూ వెయ్యాలి. కారిన కూలెంట్ మాత్రం వెంటనే తుడిచెయ్యాలి. కుక్కలూ పిల్లులూ నాకుతాయి, ప్రాణం మీదికొస్తుంది.

ఇక అసలు కథ. బానెట్.

నిజానికి ఈ పనికి బానెట్ తియ్యాల్సిన అవసరమే లేదు. ఇంజన్ వెనక గోడ దగ్గర హీటర్ పైపుల క్లిప్పులు బాగా లోపలికున్నాయి, పైన బానెట్ నీడ పడి ఏమీ కనపడలేదు. "తీసేద్దాం రా, నాలుగు బోల్టులేగా" అన్నాను మా బావమరిదితో. "బావా, లైటు పట్టుకుంటాలే" అన్నాడు పాపం. నేను వినలేదు. తియ్యడం పద్ధతిగానే తీశాం. హింజుల చుట్టూ పెన్సిల్ గీత, వాషర్ నీళ్ల పైపు ఊడదీయడం, మూలల కింద గుడ్డలు, చెరోవైపు ఇద్దరం. పది నిమిషాల్లో గోడకి ఆనించేశాం.

బానెట్ తెరిచే లివర్ బ్రాకెట్ డ్యాష్ కింది భాగానికే బిగించి ఉంది. డ్యాష్ వెనక్కి రావాలంటే కేబుల్ కొంచెం వదులవ్వాలి. అందుకని ముందు, లాకు దగ్గర, కేబుల్ చివరున్న చిన్న గుండుని గాడిలోంచి తప్పించాను. శనగగింజంత ఉంటుంది. దానికి కవరూ రాయలేదు, ఫోటో తియ్యలేదు. ఇంత చిన్నదాన్ని మర్చిపోతానా అనుకున్నాను.

మూడో రోజు సాయంత్రానికి కొత్త కోర్ కూర్చుంది, డ్యాష్ ఎక్కింది, స్టీరింగ్ గీతకి గీత కలిసింది. లివర్ కూడా దాని చోట బిగించాను. బానెట్ పెట్టి, హింజు బోల్టులు కొద్దిగా వదులుగా ఉంచి, ఫెండర్ల దగ్గర సందులు సమానంగా ఉన్నాయో లేదో చూద్దామనుకున్నాం. మెల్లగా దించి చూస్తే సరిపోయేది. నాకు ఉషారెక్కువైంది. "వీడియో తియ్యరా" అన్నాను. జానెడు ఎత్తు నుంచి వదిలాను. ధన్! సందులు రెండువైపులా దారం పెట్టి గీసినట్టున్నాయి. ఇద్దరం చేతులు దులుపుకున్నాం.

"కూలెంట్ పోద్దాం" అని లోపలికెళ్లి లివర్ లాగాను. చచ్చిన పాములా చేతిలోకొచ్చింది. బరువు లేదు, టక్‌మని చప్పుడూ లేదు. రెండోసారి లాగాను. మూడోసారి లాగేసరికి కడుపులో చల్లబడింది. శనగగింజ గుర్తొచ్చింది.

లోపల బ్యాటరీ వైరు ఊడదీసే ఉంది. కూలెంట్ చుక్క లేదు. టార్చి కూడా ఇంజన్ మీదే మర్చిపోయాను. చీకటి పడుతోంది. గ్రిల్లు సందుల్లోంచి ఆ టార్చి వెలుగు నా వైపే చూస్తోంది.

మా ఆవిడ గుమ్మంలోంచి, "లోపల లివర్ ఉంటుందిగా, అది లాగితే రాదూ?" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ముందు సన్నటి ఇనప స్కేలు బానెట్ అంచు కిందికి దూర్చాను. లాకు అందలేదు గానీ పెయింటు మీద బొటనవేలంత గీత పడింది. తర్వాత గ్రిల్లు లోంచి వంచిన తీగ పెట్టాను. అది దేన్నో పట్టుకుంది, ఆశగా లాగితే హారన్ వైరు. ఇక కింది నుంచే దారి అనుకుని బండి జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, అడుగున ఉన్న ప్లాస్టిక్ కవర్ విప్పాను. స్టాండ్లు లేకుండా ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరకండి, ఎంత కోపంలో ఉన్నా సరే. బంపర్‌కీ రేడియేటర్‌కీ మధ్య మోచెయ్యి పట్టేంత సందే ఉంది. చెయ్యి వెళ్లింది, రాలేదు. రెండు నిమిషాలు బండి కింద చెయ్యి ఇరుక్కుని, ఆకాశానికి బదులు బంపర్ అడుగు చూస్తూ పడుకున్నాను. మెకానిక్ మాటే చెవిలో గింగురుమంటోంది.

చెయ్యి బయటికొచ్చాక ఫోన్ కెమెరా పైకి పెట్టి వీడియో తీసి చూశాం. లాకు కనపడింది, కేబుల్ ఉండాల్సిన ఖాళీ గాడీ కనపడింది. కేబుల్ లాగాల్సిన లాకు నాలుకని పొడుగు స్క్రూ డ్రైవర్‌తో తోస్తే తెరుచుకోవాలి. తోశాను. కదల్లేదు. "నువ్వు పైనుంచి గట్టిగా ఎత్తరా, నేను కింద తోస్తాను" అన్నాను. వాడు బానెట్ పట్టుకుని పైకి లాగుతూనే ఉన్నాడు, నేను తోస్తూనే ఉన్నాను. అరగంట. వాడి వేళ్లు ఎర్రబడ్డాయి, నా కంట్లో తుప్పు పడింది. లాకు కూడా పాడైపోయిందనుకున్నాను, బానెట్ కొయ్యించాలేమో అని కూడా అనుకున్నాను.

చివరికి ఫోన్ చేశాను. ఎవరికో ఊహించే ఉంటారు.

అంతా చెప్పాను, కేబుల్ సంగతి తప్ప. "సార్, కేబుల్ తగిలించారా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. అవతల చేత్తో ఫోన్ మూసి ఇంకెవరికో చెప్పి నవ్వడం స్పష్టంగా వినపడింది. మళ్లీ లైన్లోకొచ్చి, "పైవాణ్ణి ఎత్తొద్దనండి సార్. నొక్కమనండి. కేబుల్ ఏ వైపు లాగుతుందో ఆ వైపుకే తొయ్యండి" అన్నాడు.

మా వాడు రెండు అరచేతులూ బానెట్ మీద ఆన్చి కిందికి నొక్కాడు. నేను స్క్రూ డ్రైవర్ కొనతో అలా తాకించానో లేదో, టక్. చిటికెన వేలి బలం కూడా పట్టలేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. బానెట్ కొక్కెం లాకు కొండిలో దిగాక, కింద స్ప్రింగూ రబ్బరు దిమ్మలూ ఎప్పుడూ పైకే తోస్తుంటాయి. ఆ ఒత్తిడితోనే నాలుక బిగుసుకుని ఉంటుంది. మనం పైకి లాగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. నొక్కితే బరువు తప్పి నాలుక ఖాళీ అవుతుంది. అరగంట పాటు మేమిద్దరం కలిసి మా బానెట్‌ని మేమే లాకు చేసుకున్నాం.

ఆ ఒక్క ముక్కకీ అతనికి థాంక్స్ చెప్పాను. "మీ వల్ల కాదు" అన్న మాట మాత్రం ఇంకా మర్చిపోలేదు.

బానెట్ కానీ, లాకు కానీ, కేబుల్ కానీ ఎప్పుడు ముట్టుకున్నా ఈ పని చెయ్యండి. బానెట్ పైకి ఉండగానే స్క్రూ డ్రైవర్‌తో లాకు కొండిని కిందికి నొక్కి, క్లిక్‌మని పడేలా మూసెయ్యండి. లోపలికెళ్లి లివర్ లాగండి. కొండి టప్పున తెరుచుకుంటేనే బానెట్ దించండి. పది సెకన్ల పని. నేను చూసిన వీడియోల్లో ఒక్కడూ ఈ ముక్క చెప్పలేదు. పదకొండు నిమిషాల్లో డ్యాష్ దించేసినట్టు చూపించి, వెనక పాట పెట్టి, "చాలా సులభం ఫ్రెండ్స్" అంటారు.

మిగతాది మామూలే. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, స్టార్ట్ చేసి వదిలేశాను. మొదట చల్లగాలే వచ్చింది, గుండె జారింది. పైపుల్లో గాలి ఇరుక్కుంటే అంతే. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కి దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఓపిక పట్టి, కాస్త రేస్ ఇస్తూ ఉంటే బుడగలు బుడబుడమని వచ్చి, నీళ్ల మట్టం దిగింది. మళ్లీ పోశాను. ఇంకో ఐదు నిమిషాలకి వేడి గాలి మొహానికి కొట్టింది. తియ్యటి వాసన లేదు. అద్దం తుడిస్తే తుడిచినట్టే ఉంది. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోయింది, హారన్ మోగింది, నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ నేరుగానే ఉంది.

బానెట్ అంచు మీద గీత అలాగే ఉంది. మా ఆవిడ ఎక్కడైనా ఇచ్చి రంగు వేయించమంది. దానికి ఎవరో ఎందుకు, నేనే వేస్తానన్నాను. బానెట్ విప్పి కింద పెట్టుకుంటే సులువుగా ఉంటుందనిపించి సాయానికి మా బావమరిదికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి ఆ ధన్ వీడియో పంపాడు.